రంగుల సంగతి తర్వాత, ముందు పైపులు చూడండి

మీ నాన్నగారు కట్టిన పాతికేళ్ల ఇల్లు, కిందా పైనా రెండు పోర్షన్లు, బాగుచేయించి అద్దెకిస్తే ఏ ఇబ్బందులొస్తాయని అడిగారు. మల్కాజ్‌గిరిలో సరిగ్గా అలాంటి ఇంటినే మేం 2019లో చేయించాం. అందుకే రాస్తున్నాను.

మేం చేసిన పెద్ద తప్పు, కంటికి కనిపించే వాటికి ముందు ఖర్చుపెట్టడం. పుట్టీ, రంగులు, బాత్రూముల్లో కొత్త టైల్స్. గోడల్లో పాత జీఐ (జింకు పూత వేసిన ఇనుప) పైపులు అలాగే వదిలేశాం. పైన అద్దెకు దిగిన మూడు నెలలకి కింద పడకగది సీలింగ్‌లో చెమ్మ మొదలైంది. కింద ఉన్నది చంటిబిడ్డతో చిన్న జంట. బీరువా వెనక గోడంతా బూజు పట్టిందని ఆ అమ్మాయి చూపించినప్పుడు నాకు చాలా బాధేసింది. కొత్త టైల్స్ పగలగొట్టి చూస్తే పైపు తుప్పుపట్టి చిల్లులు పడింది, నహానీ ట్రాప్ (బాత్రూము నేలలో నీళ్లు బయటికి పోయే తూము) దగ్గర జాయింటూ కారుతోంది. అన్నీ తీసేసి సీపీవీసీ (తుప్పుపట్టని ప్లాస్టిక్) పైపులు వేయించాం. ఒకే బాత్రూముకి రెండుసార్లు ఖర్చు. రెండు నెలలు వాళ్ల దగ్గర సగం అద్దే తీసుకున్నాను. అది న్యాయమనే ఇప్పటికీ అనుకుంటాను.

కాబట్టి మేస్త్రీని పిలవకముందే మీరే రెండు పరీక్షలు చేయండి. రాత్రి కుళాయిలన్నీ కట్టేసి, మోటారు వేయకుండా, డాబా మీద ట్యాంకులో నీళ్లు ఎంతవరకు ఉన్నాయో గుర్తు పెట్టండి. పొద్దున్నకి తగ్గితే ఎక్కడో లీకేజీ ఉన్నట్టే. తర్వాత పైబాత్రూము తూము గుడ్డతో బిగించి, నేల మీద రెండంగుళాల నీళ్లు ఒక రోజు నిలబెట్టి, కింద సీలింగ్ చూడండి. కొత్త పైపులు వేశాక, టైల్స్‌తో మూసేముందు ప్రతి గోడనీ ఫోటో తీసుకోండి. రేపు గీజరుకి డ్రిల్ వేసేటప్పుడు అవే కాపాడతాయి.

వైరింగ్ కూడా అంతే. పాత ఇళ్లలో ఎర్తింగ్ చాలాచోట్ల పేరుకే ఉంటుంది. ఏసీకీ గీజరుకీ మీటరు బోర్డు నుంచి విడిగా లైన్లు లాగించండి. పోర్షనుకో మీటరు తప్పనిసరి, లేకపోతే ప్రతి నెలా బిల్లు దగ్గర గొడవే.

మెటీరియల్ మనమే తెచ్చి, కూలి ఏ వారానికావారం అయిన పనికే ఇవ్వడం మాకు కలిసొచ్చింది. గడువు మాత్రం నమ్మకండి. మే నెలాఖరుకి అవ్వాల్సిన పని జూలై దాకా సాగింది, ఈలోగా ఆషాఢం వచ్చేసింది. ఆ నెలలో పాలు పొంగించడానికి ఎవరొస్తారు? శ్రావణం దాకా ఇల్లు ఖాళీ. అందుకే మూడు నెలల అద్దె రాదనుకునే బడ్జెట్ వేసుకోండి.

ఇన్‌కమ్ టాక్స్ విషయం చాలామందికి తెలియదు. రిపేరు బిల్లులు ఎన్ని చూపించినా వాటికి వేరే మినహాయింపు లేదు. వచ్చిన అద్దెలో మీరు కట్టిన మున్సిపల్ టాక్స్ పోగా, మిగిలిన దాంట్లో 30 శాతం మినహాయింపుగా తీసేస్తారు. మీరు రూపాయి ఖర్చుపెట్టినా, నాలుగు లక్షలు పెట్టినా అంతే. లోన్ తీసుకుని చేయిస్తే వడ్డీ సంగతి ఆడిటర్‌తో ముందే మాట్లాడండి.

ఇల్లు ఇప్పుడు ఖాళీగానే ఉందన్నారు కదా. ట్యాంకు పరీక్ష ఈ రాత్రే చేసేయొచ్చు.