పెరూలోని పునో ప్రాంతంలో స్పానిష్ ఒక్కటే వస్తే సరిపోతుందా? అనుమతులు ఎవరిని అడగాలి?

పల్లెల్లో నేత పని మీద పరిశోధనకు పునో వెళ్తున్నానని రాశారు. తాగునీటి పథకం పని మీద నేను కొంతకాలం అక్కడ ఉన్నాను, ఆ అనుభవంతో చెబుతున్నాను.

పునో, హులియాకా పట్నాల్లో స్పానిష్‌తో పని జరిగిపోతుంది. ఊళ్లలో, ముఖ్యంగా పెద్ద వయసు ఆడవాళ్ల దగ్గర, చాలదు. మీకు కావాల్సింది వాళ్లే. 2017 జనగణనలో ఆ ప్రాంత జనాభా సుమారు 11.7 లక్షలు. మాతృభాష క్వెచువా అని చెప్పినవాళ్లు 40 శాతం పైనే, ఆయ్‌మారా అన్నవాళ్లు పావు వంతు పైనే.

ఉత్తరాన అసాంగరో, మెల్గార్, లాంపా, కరబాయా ప్రావిన్సుల్లో వినిపించేది క్వెచువా. టిటికాకా సరస్సు దక్షిణాన చుకుయితో, ఎల్ కొయావో, యుంగుయో ఆయ్‌మారావాళ్లవి. ఆ భాష సరిహద్దు దాటి బొలీవియాలోకీ సాగుతుంది. ఇంతవరకూ తేలికే. కానీ పునో ప్రావిన్సులోనే, నేతకు పేరుపడ్డ తకీలే దీవిలో క్వెచువా మాట్లాడతారు, దానికి వెళ్లే దారిలో తగిలే ఊరోస్ తేలే దీవుల్లో ఆయ్‌మారా. కాబట్టి ప్రావిన్సు పేరు చూసి దుబాసీని కుదుర్చుకోకండి. ఏ ఊరో తేల్చుకున్నాకే మాట్లాడుకోండి. రెండు భాషల్లో ఉమ్మడి మాటలు బోలెడున్నా, ఒకటి వచ్చినంత మాత్రాన రెండోది అర్థం కాదు.

మా పథకం మీద ఒక ఆయ్‌మారా ఊళ్లో సభ పెట్టాం. స్పానిష్‌లో వివరిస్తున్నంతసేపూ మగవాళ్లు తలలూపారు, ఆడవాళ్లు పలకలేదు. స్థానిక కార్యకర్త ఆయ్‌మారాలోకి మారగానే ప్రశ్నలన్నీ ఆడవాళ్ల నుంచే వచ్చాయి: పైపు పగిలితే ఖర్చు ఎవరిది, వానలు లేని నెలల్లో ఊట ఎండిపోతే ఏం చేస్తారు? పథకం నిలబడాలంటే ముందు తేల్చాల్సినవి అవే. ప్రాబల్యం ఉన్నచోట ఈ భాషలూ అధికార భాషలేనని పెరూ రాజ్యాంగం 48వ అధికరణం చెబుతోంది. అయినా ఒక ఆస్పత్రి కౌంటరు దగ్గర ముసలమ్మ మాటను బడి వయసు మనవరాలు స్పానిష్‌లో చెప్పాల్సి రావడం చూశాను. ఆ బాధ నాకింకా పోలేదు.

ఇక ప్రభుత్వం. పునోకు 2003 నుంచి ఎన్నికైన ప్రాంతీయ ప్రభుత్వం ఉంది. గవర్నరుకూ మండలికీ నాలుగేళ్ల పదవి. పాత కాగితాల్లో 'ప్రాంతీయ అధ్యక్షుడు' అని కనిపిస్తే అదీ గవర్నరు పదవే, 2015లో పేరు మార్చారు. కింద 13 ప్రావిన్సులు, వాటి కింద డిస్ట్రిక్టులు. ప్రావిన్సును మన జిల్లాలా, డిస్ట్రిక్టును మండలంలా అనుకోవచ్చు గానీ, రెండుచోట్లా పెద్ద ఎన్నికైన మేయరే, కలెక్టరు ఉండడు. రాజధాని లీమాలోని కేంద్ర ప్రభుత్వం తన ప్రతినిధిగా నియమించే సబ్‌ప్రిఫెక్టు ఉంటాడు, కానీ మునిసిపాలిటీ పనులు అతని చేతిలో లేవు. ఉత్తరాలు రాసేటప్పుడు ఒకటి చూసుకోండి: చుకుయితో అనే ఊరు పునో ప్రావిన్సులో ఉంది, చుకుయితో ప్రావిన్సు రాజధాని హులీ. పునోలో ఉన్న సంస్కృతి శాఖ కార్యాలయం కూడా గవర్నరు కింద కాదు, లీమాలోని మంత్రిత్వ శాఖ కింద.

ఇన్ని కార్యాలయాల ముద్రలున్నా, ఊరు ఒప్పుకోకపోతే మీ పని సాగదు. ప్రతి ఊరి సముదాయానికీ 'తెనియెంతె గోబెర్నదోర్', అంటే ఊరి స్థాయిలో ప్రభుత్వ ప్రతినిధి, ఉంటాడు. ఆయ్‌మారా ఊళ్లలో భార్యాభర్తలిద్దరూ కలిసి ఆ బాధ్యత మోస్తారు, అందుకని ఇద్దరినీ కలవండి. వాళ్ల ద్వారా ఊరి సభలో మీ పని విన్నవించుకోండి. ఫొటోలు ఏం చేస్తారో, నేతగాళ్లకు ఎంత ఇస్తారో అక్కడే చెప్పండి. లీమా నుంచి వచ్చినవాళ్లంటే ముందు అనుమానంగా చూస్తారు, దానికి కారణముంది: 2023 జనవరి 9న హులియాకాలో లీమా ప్రభుత్వానికి వ్యతిరేకంగా జరిగిన నిరసనలను అణచివేసినప్పుడు 17 మందికి పైగా చనిపోయారు. ఆ సంగతి వాళ్లు ఎత్తితే వినండి, మీరుగా తవ్వకండి.

సభలు రోజూ జరగవు. వెళ్లేలోపు తేదీ కనుక్కుని, దానికి తగ్గట్టు టికెట్ బుక్ చేసుకోండి.