వీధి పందిట్లో సినిమా క్విజ్‌కి ఎలాంటి ప్రశ్నలు పెట్టాలి?

వినాయక చవితికి మీ కాలనీలో సినిమా, టీవీ క్విజ్ పెడుతున్నామని, ప్రశ్నలు ఎలా తయారు చేసుకోవాలని అడిగారు. విజయవాడ సత్యనారాయణపురంలో మా వీధి పందిట్లో ఆరేళ్లుగా ఈ పని నాదే.

‘మొదటి’, ‘తొలి’ అనే మాటలున్న ప్రశ్నల్ని బాగా సరిచూసుకోండి. మొదటి ఏడాది నేను, తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ ఎప్పుడు విడుదలైందని అడిగాను. ఎనిమిదో తరగతి అమ్మాయి 1932 అంది. తప్పన్నాను. వెనక నుంచి ఒకబ్బాయి 1931 అనగానే బహుమతి ఇచ్చేశాను. నా కాగితంలో అదే ఉంది. చాలాకాలం అందరూ 1931 సెప్టెంబరు 15 అనే రాశారు. కానీ పాత్రికేయులు రెంటాల జయదేవ పరిశోధించి, ఆ సినిమా సెన్సారైంది 1932 జనవరి 22న అనీ, బొంబాయిలో విడుదలైంది ఫిబ్రవరి 6న అనీ ఆధారాలు చూపించారు. ఈ సంగతి ఆ అమ్మాయి తాతగారు రాత్రి మా ఇంటికొచ్చి నెమ్మదిగా చెప్పారు. మర్నాడు మైకులో తప్పు ఒప్పుకుని పాపకి బహుమతి ఇచ్చాను. పదిమందిలో తప్పు అన్నప్పుడు చిన్నబోయిన ఆ ముఖం మాత్రం ఇంకా గుర్తుంది.

అందుకే ఇప్పుడు ‘లవకుశ’ గురించి అడిగితే ఉత్త ‘తొలి రంగుల చిత్రం’ అని ఊరుకోకుండా ‘తొలి పూర్తి నిడివి రంగుల తెలుగు చిత్రం’ అని విడమరిచి అడుగుతాను.

అయినా సంవత్సరాల ప్రశ్నలు రెండు మూడు చాలు. తెలిస్తే చెబుతారు, లేకపోతే ఊరుకుంటారు, ఆలోచించడానికి ఏమీ ఉండదు. అదే ‘మాయాబజార్‌లో పాండవులు ఎవరెవరు కనిపిస్తారు?’ అని అడిగి చూడండి. మా పందిట్లో ఒకావిడ భీముడు అన్నారు. పక్కావిడ, ‘కాదొదినా, అది ఘటోత్కచుడు, ఎస్వీ రంగారావు’ అన్నారు. పెద్దవాళ్లంతా సినిమాని మొదటి నుంచీ తలుచుకుంటూ పోయారు. ఒక్కరూ కనిపించరని తేలేసరికి పందిరంతా చప్పట్లే. నాకు తెలిసి మంచి ప్రశ్నంటే అదీ.

టీవీకైతే, ‘మీలో ఎవరు కోటీశ్వరుడు’, ‘ఎవరు మీలో కోటీశ్వరులు’ ఎవరెవరు నడిపారని అడగండి. మొదటిది నాగార్జునతో మొదలైంది, తర్వాత చిరంజీవి చేశారు. రెండోది జూనియర్ ఎన్టీఆర్. పిల్లలు ఇట్టే చెబుతారు.

చివరి ప్రశ్న మన చుట్టుపక్కలది ఉంచండి. సావిత్రి సొంతూరు ఏదని అడిగితే, మా వీధి కోడలు ఒకావిడ ప్రసాదం గిన్నె పక్కన పెట్టి మరీ చెయ్యెత్తారు. ‘చిర్రావూరండీ, మా పుట్టిల్లు’ అన్నారు.