టెక్సస్‌లో 20 ఏళ్ల అబ్బాయికి బీరు ఇచ్చారు: లైసెన్స్ పోతుందా?

అన్నా, మీ రెస్టారెంట్‌లో వెయిటర్ ఐడీ చూడకుండా 20 ఏళ్ల కస్టమర్‌కి బీరు ఇచ్చి తనిఖీలో దొరికాడని, మద్యం లైసెన్స్ పోతుందేమోనని టెన్షన్‌గా ఉందని రాశారు. ఇక్కడ రెండు వేర్వేరు వ్యవహారాలున్నాయి, కలిపి చూడకండి.

మొదటిది వెయిటర్ మీద క్రిమినల్ కేసు. టెక్సస్‌లో 21 నిండనివాళ్లకు మద్యం అమ్మితే క్లాస్ ఏ మిస్‌డిమీనర్, అంటే ఫెలనీ కన్నా తక్కువ స్థాయి నేరం. ఏడాది వరకు జైలు, 4,000 డాలర్ల వరకు జరిమానా పడొచ్చు. అతను వీసా మీద ఉంటే ఇమిగ్రేషన్ లాయర్‌ని అడగకుండా కోర్టులో నేరం ఒప్పుకోవద్దని చెప్పండి. మీ లైసెన్స్ కన్నా నాకు ఆ వెయిటర్ గురించే ఎక్కువ దిగులుగా ఉంది.

రెండోది లైసెన్స్. చట్టం ప్రకారం మొదటిసారైతే 90 రోజుల వరకు సస్పెండ్ చేయొచ్చు, రద్దు కూడా చేయొచ్చు. కానీ మీకు ఒక రక్షణ ఉంది. సిబ్బంది టీఏబీసీ (టెక్సస్‌లో మద్యం లైసెన్సులు చూసే ప్రభుత్వ సంస్థ) గుర్తించిన సెల్లర్ ట్రైనింగ్ (మద్యం అమ్మేవాళ్లకిచ్చే శిక్షణ) చేయాలని మీరు నియమం పెట్టి ఉండాలి, ఆ వెయిటర్ నిజంగా చేసి ఉండాలి, తప్పుని మీరు ప్రోత్సహించి ఉండకూడదు. మూడూ ఉంటే అతని తప్పు మీ లైసెన్స్‌కి అంటదు. సర్టిఫికెట్ రెండేళ్లే చెల్లుతుంది, ఆ రోజుకి గడువుందో లేదో ఈరోజే చూడండి. పాలసీ కాగితం మీద అతని సంతకం, సీసీటీవీ రికార్డింగ్ కూడా భద్రం చేసి లాయర్‌కి ఇవ్వండి.

కస్టమర్ దొంగ ఐడీ చూపించాడన్న వాదన మాత్రం మీకు పనికిరాదు, వెయిటర్ అసలు ఐడీ అడగనేలేదు కదా.