ఇంటికొచ్చాక దిగులు, వేళ్ల తిమ్మిరి: సమాధానం

తమ్ముడూ, కన్యాకుమారి నుంచి ఒంటరిగా సైకిల్ తొక్కుకుంటూ వైజాగ్ చేరాక నిద్ర పట్టట్లేదని, ఇంట్లో ఎవరితోనూ మాట్లాడబుద్ధి కావట్లేదని, చిటికెన వేలి తిమ్మిరి తగ్గట్లేదని రాశావు.

ముందు వేలి సంగతి. గంటల తరబడి హ్యాండిల్ మీద బరువు వేస్తే మణికట్టు దగ్గర, చిటికెన వేలి వైపు వెళ్లే అల్నార్ నరం నొక్కుకుపోతుంది. అందుకే చిటికెన వేలు, ఉంగరపు వేలు మొద్దుబారతాయి. చాలామందికి కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. చొక్కా గుండీ పెట్టుకోవడం కష్టమైనా, పట్టు తగ్గినా మాత్రం వెంటనే న్యూరాలజిస్టుకు చూపించు.

ఇక దిగులు. రోజంతా తొక్కిన ఒళ్లు ఒక్కసారిగా కుర్చీలో కూలబడితే నిద్ర చెడుతుంది, నీలో లోపమేమీ లేదు. సైకిల్ని మూల పడేయకు. హ్యాండిల్ కొంచెం ఎత్తు పెంచి, తిమ్మిరి తగ్గుముఖం పట్టాక తెల్లవారుజామున ఆర్కే బీచ్ నుంచి రుషికొండ దాకా నెమ్మదిగా వెళ్లిరా. ఓపికుంటే ఆదివారం భీమిలి. అన్నట్టు, మన ఉప్పుగాలికి గొలుసు త్వరగా తుప్పు పడుతుంది, తుడిచి నూనె వేస్తూ ఉండు.

ఇంట్లోవాళ్లకి యాత్రంతా ఒకేసారి చెప్పక్కర్లేదు. అమ్మకి కావాల్సింది ఎక్కడ తిన్నావు, ఎక్కడ పడుకున్నావు అన్నదే. రోజుకో ఊరు చెప్పు. రెండు వారాలు దాటినా మనసు ఇలాగే ఉంటే డాక్టరుతో మాట్లాడు, దయచేసి వాయిదా వేయకు.