దేవరకొండ వైఫై, నల్లగొండ పింగ్

ప్రశ్న: నల్లగొండ, మిర్యాలగూడ, దేవరకొండల్లో మాకు హాస్టళ్లున్నాయి. నల్లగొండ ఆఫీసు నుంచి దేవరకొండ యాక్సెస్ పాయింట్ (వైఫై పంచే పెట్టె) అడ్రస్ 192.168.1.20కి పింగ్ (పని చేస్తోందా అని అడిగే చిన్న సందేశం) కొడితే జవాబొస్తోంది. దేవరకొండ పిల్లలేమో రెండు రోజులుగా వైఫై లేదంటున్నారు. ఎందుకిలా?
– ఓ పాఠకుడు, నల్లగొండ

జవాబు: మూడు చోట్లా అదే అడ్రస్ పెట్టారు కదూ? 192.168తో మొదలయ్యేవి లోపలి నంబర్లు, ఇంటర్నెట్ దాటి పోవు. మీకు పలికింది మీ ఆఫీసు గోడకున్న యాక్సెస్ పాయింటే! నేనూ ఓసారి ఇలాగే నమ్మి కూర్చున్నా. చివరికి మిర్యాలగూడ బస్సెక్కి వెళ్లి చూస్తే అడాప్టర్ ఊడి వేలాడుతోంది.

ఊరికో వరస ఇవ్వండి: 192.168.10, 192.168.20, 192.168.30. రౌటర్ల మధ్య వీపీఎన్ (ఇంటర్నెట్ మీదుగా మీ ఊళ్ల నెట్‌వర్కులను కలిపే సొంత దారి) వేస్తే అన్నీ ఇక్కడికే కనిపిస్తాయి. అది కుదరకపోతే హాస్టల్‌కో రాస్ప్‌బెర్రీ పై (అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్) పెట్టండి. అదే లోపల పింగ్ కొట్టి నిమిషానికోసారి మీకు కబురు పంపుతుంది. కబురే ఆగితే కరెంటో నెట్టో పోయినట్టు. ఒక్క పింగ్ తప్పగానే అలారం మోగితే రాత్రంతా టెన్షనే. వరసగా మూడు తప్పాక మోగనివ్వండి.