కొల్లేట్లో పెంచేవీ చేపలే కదా, మరి అడ్డుచెప్పడం ఎందుకు?

మీరు అడిగింది ఇది: "కొల్లేట్లో చెరువులు తవ్వి పెంచేవీ చేపలే. అభయారణ్యం పేరుతో వాటిని ఆపితే ఎవరికి లాభం?"

నేను పుట్టి పెరిగింది కొల్లేటి లంక గ్రామంలో. తాతయ్య తాటి దోనె మీద వెళ్లి చేపలు పట్టే మావులు (బుట్టలు) పెట్టేవాడు. నాన్న చేపల చెరువు లీజుకు తీసుకున్నాడు. రెండు బతుకులూ మా ఇంట్లోనే చూశాను.

తొలకరికి బోదెల్లో నీళ్లు కదిలితే చాలు, మట్టగిడసలు, మార్పులు, ఇంగిలీకాలు సరస్సులోంచి పొలాల వైపు ఎదురెక్కేవి. గుడ్లు పెట్టేది ఆ లోతు లేని నీళ్లలోనే. తెల్లారుజామున తాతయ్య మావు ఎత్తితే లోపల చేపలు టపటపా కొట్టుకునేవి. ఒకసారి తొందరపడి చెయ్యి పెట్టాను. ఇంగిలీకం ముల్లు గుచ్చుకుని సాయంత్రం దాకా వేళ్లు సలిపాయి. ఇప్పుడు ఆ దారికి అడ్డంగా గట్లున్నాయి. గట్టు లోపల ఎన్ని టన్నుల బొచ్చె, శీలావతి పెరిగినా, బయట దారి మూసుకుపోయిన చేపకు అది బదులు కాదు.

నిబంధనలు లేక కాదు. +5 కాంటూరు (సముద్రమట్టానికి అయిదు అడుగుల ఎత్తు గీత) లోపలి 308 చదరపు కిలోమీటర్లను 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అంతర్జాతీయంగా ముఖ్యమైన చిత్తడి నేలలకిచ్చే రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. 2006లో చెరువులు కొట్టేశారు, తర్వాత గట్లు మళ్లీ లేచాయి. 2005 నాటి తీరప్రాంత ఆక్వా చట్టం ఉప్పునీటి సాగుకే పరిమితం. మంచినీటి చెరువుల బాధ్యత రాష్ట్రానిదే, దానికి 2020లో చట్టం కూడా చేశారు. కానీ మా వైపు చెరువులో చేపలు పట్టేశాక మురుగునీరు ఎటు తోడుతున్నారో వచ్చి చూసినవాళ్లను నేను చూడలేదు. ఆ నీళ్లు డ్రెయిన్‌లో పడి, మళ్లీ కొల్లేటికే చేరతాయి.

2024 సెప్టెంబరులో బుడమేరు వరద వచ్చినప్పుడు మా చెరువు గట్టు మునిగింది. రాత్రంతా గట్టు మీద వల కట్టాం, ఆగలేదు. మేం వేసిన రూప్‌చంద్ సరస్సులో కలిసిపోయింది. అది దక్షిణ అమెరికా చేప. వారం తర్వాత పక్కింటి బాబాయి వలలో ఒకటి పడింది. మనిషి పళ్లలాంటి పళ్లు చూసి "ఇది మనదేనా రా?" అన్నాడు. పోయిన పెట్టుబడి కంటే ఆ మాటే నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ పెంచకూడదని 2000లోనే నిషేధించింది ఇలాంటి భయంతోనే.

ఇక లాభం ఎవరికి అంటారా? సెంటు చెరువు లేకుండా వల మీదే బతికేవాళ్లకి. అందుకే కాంటూరును +3కి తగ్గించి అభయారణ్యాన్ని కుదించాలన్న డిమాండుకి నేను వ్యతిరేకం. జిరాయితీ (సొంత భూమి) పట్టా ఉన్న చిన్న రైతులకు మాత్రం న్యాయమైన పరిహారం ఇచ్చి తీరాలి.

మీరు లీజుకు దిగాలనుకుంటుంటే ముందు ఆ సర్వే నంబరు +5 లోపల ఉందో బయట ఉందో కనుక్కోండి. బయట ఉన్నా సరే, వరద నీళ్లు ఎక్కే చోట రూప్‌చంద్ వెయ్యకండి. తూము దగ్గర సన్నకన్ను వల తప్పనిసరిగా కట్టండి.