ఒకేసారి నాలుగైదు కుట్టుపనులు మొదలుపెడితే ఏదీ తెమలదా?

ఒకరు సరదాకి కుడుతున్నారు. ఒక బొంత, గుడ్డముక్కలు అతికి చేసే ప్యాచ్‌వర్క్ దుప్పటి ఒకటి, రెండు జాకెట్లు సగంలో ఉన్నాయి. ఒకటి అయ్యాకే ఇంకోటి మొదలుపెట్టమని ఇంట్లో గోల. వాళ్లు చెప్పేది నిజమేనా అని అడిగారు.

కాదండీ. గిరాకీకి తారీఖు ఇచ్చిన టైలరుకైతే ఆ మాట సరే. సరదాకి కుట్టేవాళ్లకి చేతిలో నాలుగుండటమే హాయి. కాకపోతే నాలుగూ ఒకే చోట ఆగకూడదు. అన్నీ కటింగ్ దగ్గరే ఉంటే ఇల్లంతా గుడ్డపేలికలే, కుట్టడానికి ఒక్కటీ ఉండదు. ఒకటి కత్తెర కింద, ఒకటి మిషన్ మీద, ఒకటి చేతికుట్టులో ఉంటే కరెంటు పోయినా పని ఆగదు.

మధ్యలో ఆపితే బాగా దెబ్బతినేది ప్యాచ్‌వర్కే. 6 అంగుళాల గడి రావాలంటే ముక్క 6.5 అంగుళాలు కోసి, చుట్టూ పావు అంగుళం కుట్లలోకి వదులుతాం. నెల తర్వాత మళ్లీ కూర్చునేసరికి మిషన్‌కి గుడ్డని నొక్కిపట్టే ఫుట్ మారి ఉంటుంది, కుట్టు అంగుళంలో 16వ వంతు లోపలికి పడుతుంది. కంటికి ఆనదు. కానీ అది రెండు ముక్కల్లోంచీ పోతుంది కాబట్టి ఒక్కో అతుక్కి 8వ వంతు తగ్గుతుంది. వరసలో 10 గడులుంటే 9 అతుకులు, అంటే వరస అంగుళం పైనే పొట్టి. పాత వరసకి కలపబోతే మూలలు కలవవు. సాగదీసి కలిపారా, దుప్పటి నడుమ అప్పడంలా ఉబ్బుతుంది. ఇక విప్పడమే.

అందుకే సూదికి సరిగ్గా పావు అంగుళం దూరంలో మిషన్ ప్లేటు మీద టేపు అంటించండి. మళ్లీ మొదలుపెట్టే ముందు 1.5 అంగుళాల వెడల్పు పట్టీలు మూడు పక్కపక్కన కుట్టి ఇస్త్రీ చేసి కొలవండి. నడిమి పట్టీ సరిగ్గా 1 అంగుళం ఉంటేనే అసలు గుడ్డ ముట్టుకోండి. ఆ నమూనా ముక్కనీ, సూది నంబరూ తర్వాత చేయాల్సిన పనీ రాసిన చీటీనీ అదే సంచిలో వేయండి. మామూలు నూలుగుడ్డకి 14వ నంబరు సూది, పల్చటి దానికి 11. జాకెట్టు కుట్టిన 11తోనే బొంత అంచు కుడితే సూది వంగొచ్చు, విరగొచ్చు. దారం రంగు మాటిమాటికీ మార్చే ఓపిక లేకపోతే అతుకులన్నిటికీ బూడిదరంగు దారం పెట్టండి, దాదాపు ఏ గుడ్డలోనైనా కలిసిపోతుంది.

బొంత పొరలకి పిన్నీసులు పెట్టి మూల పడేయకండి. వానాకాలంలో తుప్పు మరక పడితే ఓ పట్టాన వదలదు. ఆపేదుంటే దారంతో పెద్ద టాకాలు వేయండి, నడుమ నుంచి అంచులకి. గీతలకి సుద్దముక్క చాలు. నీళ్లతో పోయే నీలం పెన్ను గీత మీద ఇస్త్రీ పెట్టె తగిలితే అది అక్కడే స్థిరపడిపోవచ్చు. గాలికి పోయే పెన్ను గీత మీరు తిరిగి వచ్చేసరికి ఉండదు.

మధ్యమధ్య వదిలేసే అలవాటు ఉన్నవాళ్లకి అన్నిటికన్నా నప్పేది ‘కవండి’ అనే బొంత. ఉత్తర కర్ణాటకలో సిద్ది తెగ ఆడవాళ్లు కుట్టేది. పాత గుడ్డముక్కల్ని నేరుగా కింది గుడ్డ మీదే పెట్టి, అంచున మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ నడుముకి చేరతారు. పై పొర విడిగా అతకడం లేదు, గడి కొలత లేదు. సూది ఎక్కడ ఆపితే అక్కడే మళ్లీ అందుకోవచ్చు.

ఇంకో మాట. ఎన్ని పనులున్నా గుడ్డ కత్తెర ఒకటే ఉంటుంది, దాంతోనే పిల్లల చార్టూ పాలప్యాకెట్టూ కోసే ఇళ్లున్నాయి. దాన్ని దాచండి.

ఆ జాకెట్లు మాత్రం ముందు తెమల్చండి. బొంత రెండేళ్లు ఆగుతుంది, నడుం కొలత ఆగదు. ఎందుకైనా మంచిది, పక్క కుట్టులో రెండువైపులా అంగుళం గుడ్డ వదలండి.